అనునయంగా అడగడం

మిర్యాలగూడ వైపు మా ఊళ్లో మొన్న కాలువ నీటి వంతు దగ్గర ఇద్దరు రైతులు మాటామాటా అనుకుంటుండగా, ఒక పెద్దాయన పై మడి రైతు భుజం మీద చెయ్యి వేసి, "నీ పొలం పారాలె, కాదన్నోళ్లెవరు బిడ్డా? గని కింది మడి నెర్రెలిచ్చింది, ఈ ఒక్క రాత్రి ఆయనకు ఇడువరాదు?" అని అడిగారు. 'అనునయంగా' అన్న క్రియావిశేషణానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు. ఆ రైతు వెంటనే ఒప్పుకోలేదు కూడా. 'ఒప్పించేలా' అన్నప్పుడు దృష్టి ఫలితం మీద ఉంటుంది. 'అనునయంగా' అన్నప్పుడు మాత్రం, ఎదుటివారు విన్నా వినకపోయినా, దృష్టంతా మాట్లాడినవారి తీరు మీదే నిలుస్తుంది, అందుకే ఈ మాటంటే నాకు ఇంత ఇష్టం. చెప్పు, అడుగు, మాట్లాడు వంటి క్రియల ముందు ఇది చక్కగా ఒదుగుతుంది. 'అనునయంగా గద్దించాడు' అంటే చెవికి అడ్డం తగులుతుంది.

1951 ఏప్రిల్ 18న, అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు కోరగా, గాంధేయవాది వినోబా భావే ఆ కోరికను ఊరివాళ్ల ముందు పెట్టారు, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ సంగతి రాసేవారు 'ఒప్పించారు' అని ఊరుకోకుండా 'అనునయంగా అడిగారు' అని రాయాలని నా కోరిక.