కొట్టుకు పంపేది మనమే

"ఒరేయ్, కొట్టుకెళ్లి ఒక సిగరెట్ పట్రా" అని పదేళ్ల పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి పంపే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. బ్రాండు, ధర, లూజుగా ఒక్కటైనా ఇస్తారన్న సంగతి వాడికి అక్కడే తెలిసిపోతాయి. పదిహేనేళ్లప్పుడు వాడు తన కోసం కొనుక్కున్నా, నాన్నకేలే అనుకుని కొట్టువాడు ఇచ్చేస్తాడు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు.

దేశంలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రకం పొగాకు వాడుతున్నారని 2019 నాటి జాతీయ సర్వే చెప్పింది.

మొదటి దమ్ముకు దగ్గు, తల తిరుగుడు, వికారం. స్నేహితుల ముందు పరువు పోతుందని ఓర్చుకుంటాడు. నాలుగు వారాలు గడిచేసరికి "టెన్షన్ తగ్గుతోంది" అంటాడు. అసలు మెలిక ఇక్కడే ఉంది. పొగాకులో ఉండి అలవాటు పట్టించే నికోటిన్ ఒంట్లోకి వెళ్లాక రెండు గంటల్లో సగానికి పడిపోతుంది, దాంతో చిరాకు, గాభరా మొదలవుతాయి. తర్వాతి సిగరెట్ తగ్గించేది ఆ చిరాకునే. వాడేమో పరీక్షల ఒత్తిడి తగ్గిందనుకుంటాడు. ఇది వాడికి విడమరచి చెప్పాలి. క్యాన్సర్ బొమ్మల కంటే ఈ మాటే ఆ వయసుకు బాగా ఎక్కుతుంది.

చొక్కా వాసన వచ్చిందని కొడితే మానడు, దాచడం నేర్చుకుంటాడు. ఎవరితో, ఏ వేళకు, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది అని నెమ్మదిగా అడగండి. లేచిన అరగంటలోపే కావాలంటే బాగా పట్టేసిందని అర్థం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. సిగరెట్ మానడానికి వాడే నికోటిన్ చూయింగ్ గమ్ సొంతంగా కొనివ్వకండి.

మానే రోజు పరీక్షల వారంలో పెట్టొద్దు. మొదటి మూడు రోజులు మహా కష్టం: కోపం, నిద్రలేమి, చదువు మీద ధ్యాస నిలవకపోవడం. రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. తాగాలన్న తహతహ ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగడం, బయట నడవడం చాలు. చాలామంది బోల్తా పడేది ట్యూషన్ అయ్యాక అదే గుంపుతో అదే టీ బంకు దగ్గర ఆగినప్పుడు. కొన్నాళ్లు దారి మార్చాలి.

నాన్న తాగుతుంటే ఆయనా అదే రోజు మానాలి. కుదరకపోతే కనీసం ప్యాకెట్ ఇంట్లో ఉంచకూడదు. ఇద్దరికీ ఉచితంగా సాయం చేసే జాతీయ నంబరు 1800-11-2356.