గోధుమ రంగు ఎక్కడ వచ్చిందన్నదే లెక్క

"మా అబ్బాయి రక్త పరీక్షలు చేస్తాడు" అని మా అమ్మ అందరికీ చెబుతుంది. ఇంగ్లండ్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో రోజంతా నా చేతిలో ఉండేది రక్తం కాదు, మైనం. ఇక్కడ ఆరోగ్య వృత్తుల వాళ్లను నమోదు చేసే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా సహాయకుడిగా పనిచేశాను. ఇప్పుడు, ఒక్కో ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీలతో రంగు తేల్చే విభాగంలో ఉన్నాను.

ఫార్మలిన్‌లో నానిన బయాప్సీ ముక్కను మైనం దిమ్మలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి, గోరువెచ్చని నీటి మీద తేల్చి స్లైడు మీదికి ఎత్తుతాం. ఫార్మలిన్ ప్రోటీన్లను బిగించేస్తుంది కనుక ముందు వేడి ద్రావణంలో ఉంచాలి. అప్పుడే యాంటీబాడీకి పట్టు దొరుకుతుంది. ఆపై ఎంజైము, డీఏబీ రసాయనం పడితే పట్టు దొరికినచోట గోధుమ రంగు తేలుతుంది. మిగతా కేంద్రకాలు హెమటాక్సిలిన్‌తో నీలంగా ఉంటాయి.

యాంటీబాడీ పట్టేది ప్రోటీన్‌ను, క్యాన్సర్‌ను కాదు. చర్మం, గ్రంథుల పొరల కణాల్లో ఉండే సైటోకెరటిన్ ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీ ఆరోగ్యమైన చర్మానికీ రంగు వేస్తుంది. అదే రంగు, అలాంటి కణాలు ఉండకూడని చోట, రొమ్ము క్యాన్సర్ రోగి చంకలోని లింఫ్ గ్రంథిలో కనిపిస్తే మాత్రం పాథాలజిస్టు కుర్చీ ముందుకు జరుపుకుంటారు. అందుకే రోగి ముక్క కంటే ముందు నేను చూసేది కంట్రోల్ ముక్కను, అంటే ఆ ప్రోటీన్ ఉందని ముందే తెలిసిన ముక్కను. సీడీ20 అనే ప్రోటీన్‌కి టాన్సిల్ పెడతాం. అందులో రంగు రాలేదంటే ఆ స్లైడును నమ్మడానికి లేదు, మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

నాకు బాగా ఇష్టమైనది హెర్‌2, కొన్ని రొమ్ము క్యాన్సర్లలో కణాల అంచుల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్. బలంగా ఉంటే కణాల అంచులన్నీ కోళ్లగూటి వలలా ముదురు గోధుమ రంగులో బిగుసుకుంటాయి. అది 3+, అన్నిటికంటే పై స్కోరు. ఆ ప్రోటీన్‌నే అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందుకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదీ యాంటీబాడీయే. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు చూపింది ఈ దేశపు కేంబ్రిడ్జ్‌లోనే.

మొన్న బాబాయి వాట్సాప్‌లో పిన్ని రిపోర్టు పంపాడు. హెర్‌2 2+ అని ఉంది.

"మంచిదా, చెడ్డదా నాన్నా?"

"ఇంకా తేలలేదు బాబాయ్. ఫిష్ అనే జన్యు పరీక్ష చేయించాలి."

"మళ్లీ పరీక్షా? డబ్బు గుంజడానికే కదా ఇవన్నీ!"

అనవసర పరీక్షల మీద ఆయన కోపం నాకూ ఉంది. కానీ ఇది ఆ కోవలోది కాదు. పిన్నికి ఆ మందు ఇవ్వాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

"మళ్లీ ముక్క తీస్తారా?"

"సాధారణంగా అక్కర్లేదు. ల్యాబులో మైనం దిమ్మ ఉంటుంది, అడిగి తీసుకోండి. నంబరు రిపోర్టు మీదిదేనా కాదా, చేతిలోకి తీసుకోగానే చూసుకోండి."