గంజాయి ప్యాకెట్టు వెనక సంతకం

సాయంత్రం షిఫ్ట్ దిగి బస్సెక్కితే నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ల్యాబ్ కోటు అక్కడే విప్పేసినా, మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నా ఆ వాసన జుట్టులోంచి పోదు. ఓరోజు ఒక పెద్దావిడ నావైపు చూసి, స్కార్ఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందు సీటుకి వెళ్లిపోయింది. "తాగలేదండీ, పరీక్ష చేసి వస్తున్నా" అని చెబితే మాత్రం నమ్ముతుందా?

కెనడాలోని ఒంటారియోలో గంజాయి పరీక్షించే ల్యాబ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పట్టుకుని వచ్చినవాణ్ని. మందుల కంపెనీల్లో ఎక్కడికెళ్లినా "కెనడా అనుభవం ఉందా" అన్న ప్రశ్న దగ్గరే ఇంటర్వ్యూ ఆగిపోయేది. ఈ ఒక్కచోట మాత్రం "హెచ్‌పీఎల్‌సీ నడపగలవా" అని అడిగారు. ద్రవంలో కలిసిన పదార్థాల్ని విడదీసి ఏది ఎంతుందో కొలిచే యంత్రం అది. నడపగలనన్నాను. అమ్మ ఫోన్‌లో "నువ్వు చేసే పరీక్షలేంట్రా?" అంటే "మొక్కలమ్మా, మందు మొక్కలు" అని తేల్చేశాను. పూర్తిగా అబద్ధమేం కాదు.

నేను వాడను. వాడమని ఎవరికీ చెప్పను. అయినా ఇక్కడ దీన్ని చట్టబద్ధం చేసి మంచిపని చేశారనే అంటాను. ఆ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఇంట్లో ఒక రాత్రి దొరికింది.

నాతోపాటు ఉండే స్టూడెంట్ కుర్రాడు ఎవరి దగ్గరో గంజాయి కలిపిన గమ్మీలు కొన్నాడు. ప్యాకెట్ చూస్తే పిల్లల చాక్లెట్లనుకుంటాం, అంత రంగులు. మీద మత్తుపదార్థం 500 మిల్లీగ్రాములని అచ్చేసి ఉంది. ఒకటి తిన్నాడు. అరగంటైనా ఏమీ కాలేదని ఇంకోటి తిన్నాడు. పీల్చినట్టు కాదు, తిన్నది కడుపులోంచి కాలేయం దాకా వెళ్లి పనిచేయడానికి గంటా రెండు గంటలు పడుతుంది, అది వాడికి తెలీదు. పదకొండింటికి గోడ పట్టుకుని నా గది తలుపు కొట్టాడు. "గుండె పగిలిపోతోందన్నా, చచ్చిపోతానేమో." అంబులెన్స్ వద్దన్నాడు, స్టడీ పర్మిట్‌కి ఏమైనా అవుతుందని భయం. ఆరోగ్య సలహా లైన్‌కి ఫోన్ చేశాను. నర్సు మొదట అడిగింది ఒక్కటే: ఎన్ని మిల్లీగ్రాములు తిన్నాడు?

పగలంతా ఆ ప్రశ్నకి జవాబు రాసి జీతం తీసుకునేవాణ్ని, ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ప్యాకెట్ మీద 500 అని ఉంది. లోపల ఎంతుందో, ఒక్కో గమ్మీలో ఎంతుందో, దాన్ని కరిగించి పోసినవాడికే తెలిసుండదు. తెల్లవారేదాకా వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే లేచి ఇడియట్‌లా నవ్వాడు, అది వేరే సంగతి.

అదే సరుకు లైసెన్స్ ఉన్న షాపులో కొంటే ప్యాకెట్ మొత్తానికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. రంగులుండవు, బొమ్మలుండవు. ఎర్రటి ఎనిమిది మూలల గుర్తు, అందులో గంజాయి ఆకు, పసుపు గడిలో హెచ్చరిక, చిన్నపిల్లలు తెరవలేని మూత, ఎక్సైజ్ స్టాంపు, లాట్ నంబరు. పంతొమ్మిదేళ్లు నిండాయని కార్డు చూపిస్తేనే చేతికిస్తారు. చాటుగా అమ్మేవాడు ఎవరినీ కార్డడగడు.

మా పని చూడ్డానికి భలే చప్పగా ఉంటుంది. సంచిలో వచ్చిన ఎండుమొగ్గల్ని తూచి, కాగితం మీది గ్రాములతో సరిపోయిందో లేదో చూసుకుని, పొడి కొట్టి ద్రావకంలో వేస్తాం. మొక్కలో ఉండేది ఎక్కువగా టీహెచ్‌సీఏ. వేడి తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ వదిలేసి మత్తునిచ్చే టీహెచ్‌సీగా మారుతుంది. బరువు తగ్గుతుంది గనక 0.877తో గుణించి కలుపుతాం. లేబుల్ మీద మొత్తం టీహెచ్‌సీ అని కనిపించే అంకె అలా వస్తుంది. తర్వాత సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం. తర్వాత బూజు, బ్యాక్టీరియా. తర్వాత 96 రకాల పురుగుమందుల జాబితా.

ఆ జాబితా ఊరికే రాలేదు. 2016 చివర, 2017 మొదట్లో, ఇంకా వైద్యానికి మాత్రమే అనుమతి ఉన్న రోజుల్లో, లైసెన్స్ ఉన్న కంపెనీల సరుకులోనే మైక్లోబుటానిల్ బయటపడింది. ద్రాక్షతోటల్లో బూడిద తెగులుకి కొట్టే మందు అది. కాల్చి పీలిస్తే మాత్రం హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అమ్మిన సరుకు వెనక్కి రప్పించారు, ఆ తర్వాతే ఈ పరీక్షలు తప్పనిసరయ్యాయి. లైసెన్స్ ఉన్నవాడే అలా చేస్తే లేనివాడి మాటేంటని నేననుకుంటాను. వాడు వెనక్కి రప్పించేదేముంది, ఎవరికి అమ్మాడో వాడికే గుర్తుండదు.

కెనడా 1923లో పెద్ద చర్చేమీ లేకుండానే గంజాయిని నిషేధిత మత్తుపదార్థాల్లో చేర్చింది. 1972లో ప్రభుత్వం వేసిన ల డేన్ కమిషన్, గంజాయి దగ్గర పెట్టుకున్నందుకు వేసే శిక్ష ఎత్తేయమంది, 2002లో సెనేట్ కమిటీ చట్టబద్ధం చేయమంది. ఆ రెండు నివేదికలూ అటకెక్కాయి. 2018 అక్టోబర్ 17న గానీ చట్టం అమల్లోకి రాలేదు. మధ్యలో జేబులో చిన్న పొట్లం దొరికి కేసులైనవాళ్ల మీద మచ్చ అలాగే ఉండిపోయింది. 2019లో ఉచితంగా నేర రికార్డు పక్కనపెట్టే చట్టం తెచ్చినా, దాంతో బయటపడినవాళ్లు వందల్లోనే. ఇది నాకు మింగుడుపడదు. అదే పొట్లం మీద ఇప్పుడు ప్రభుత్వం గ్రాముకి డాలరు ఎక్సైజ్ వసూలు చేస్తోంది.

అలాగని అంతా సవ్యంగా ఉందని చెప్పను. తినే గంజాయి షాపుల్లోకి వచ్చాక చిన్నపిల్లలు తెలీక తిని ఆసుపత్రుల పాలవడం ఎక్కువైంది. చాక్లెట్లనీ మిఠాయిలనీ అమ్మనివ్వని క్యూబెక్ రాష్ట్రంలో అది తక్కువ. మా ల్యాబుల్లోనూ మరక ఉంది. కొనేవాడు టీహెచ్‌సీ శాతం చూసే కొంటాడు గనక ఎక్కువ అంకె ఇచ్చే ల్యాబ్‌కి గిరాకీ. ఒక కస్టమర్ ఫోన్ చేసి "పక్క ల్యాబ్ 28 ఇచ్చింది, మీరేంటి 22 అంటున్నారు" అని కసురుకున్నాడు. మళ్లీ చేశాం. మళ్లీ 22. తర్వాత ఆ కస్టమర్ కనిపించలేదు. కాబట్టి చట్టం చేసి వదిలేస్తే చాలదు, పరీక్షించేవాణ్ని పరీక్షించేవాడూ ఉండాలి.

మనలాంటివాళ్లకి ఇంకో చిక్కు. పౌరులు కానివాళ్లు మత్తులో కారు నడిపి శిక్షపడితే కథ వేరు. 2018 డిసెంబర్ నుంచి ఆ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు. దాంతో అది ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో తీవ్రమైన నేరమైంది, పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, చేతిలో ఉన్నా ఊడిపోవచ్చు. సరిహద్దు దాటి అమెరికా వెళ్తే అక్కడి ఫెడరల్ చట్టం గంజాయి ఇంకా నిషేధమే అంటుంది. ఈ పరిశ్రమలో పనిచేసే కెనడా పౌరులు వేరే పనిమీద వస్తే మామూలుగా రానిస్తామని అమెరికా సరిహద్దు శాఖ 2018లో చెప్పింది. నా చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్ట్. అందుకే అమెరికా వీసాకి దరఖాస్తే పెట్టలేదు, వృత్తి అన్న గడిలో ఏం రాయాలో తేలక.

ఆ కుర్రాడు ఇప్పుడు షాపులోనే కొంటున్నాడు. మానేస్తే బాగుండు గానీ, నా మాట వినే వయసు కాదు. మొన్న ఒక చిన్న డబ్బా నా ముందు పెట్టి, "అన్నా, ఇది నువ్వు చూసిందేనా?" అన్నాడు. తిప్పి లాట్ నంబరు చదివాను. మా దగ్గరికి వచ్చింది కాదు. ఎవరో ఇంకొకడు సంతకం పెట్టుంటాడు, బస్సులో వాడి పక్క సీటూ ఖాళీగానే ఉండుంటుంది.