అక్కా అని పిలిస్తే

తాష్కెంట్‌కు వచ్చిన మొదటి ఏడాదే మా బాబు ‘అక్కా’ అనడం మానేశాడు. ఉజ్బెక్ భాషలో ‘అకా’ అంటే అన్నయ్య. అక్కను ‘ఓపా’ అంటారు. బడి గేటు దగ్గర వాడి పిలుపు విని తోటి పిల్లలు పకపకా నవ్వారట, ఆడపిల్లను అన్నయ్యా అంటాడేమిటని. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా పాప ‘ఓపా’ అయిపోయింది. ఆరేళ్లవాడిని కోప్పడలేను, అలాగని ఊరుకోనూ లేను. ఆ ఒక్క పిలుపు కోసం నేనెంత తపించానో చెప్పలేను.

మే నెలాఖరులో బుఖారా వెళ్లాం. 1127లో కట్టిన కల్యాన్ మినారును పిల్లలు తలలు వెనక్కి వాల్చి చూసి, ఐదు నిమిషాల్లో ఐస్‌క్రీమ్ అడిగారు. వాళ్లకు నచ్చినవి గుమ్మటాల బజార్లు. దారులు కలిసే కూడళ్ల మీద 16వ శతాబ్దంలో కట్టిన ఇటుక గుమ్మటాలవి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. ఒకటి నగలవాళ్లది, ఒకటి టోపీలవాళ్లది, ఇంకొకటి సర్రాఫాన్. మన సరాఫుల మాటే అది. ఒకప్పుడు ఈ ఊళ్లో డబ్బు మార్చి, అప్పులిచ్చినవారిలో ముల్తాన్ వైపు నుంచి వచ్చిన హిందూ వర్తకులు కూడా ఉండేవారు.

తివాచీల దగ్గర నేను బేరమాడుతుండగా బాబు వెనకబడ్డాడు. ఒక్కసారిగా గుమ్మటమంతా మోగేలా “అక్కా!” అని కేక. నా గుండె ఝల్లుమంది. పాప పరుగెత్తింది. నేను వెళ్లేసరికి ఒక ముసలి కమ్మరి, తననే పిలిచాడనుకుని, సుత్తి పక్కన పెట్టి వాడి ముందు కూర్చుని ఉన్నాడు. సంగతి చెబితే ఆయన నవ్వలేదు. ‘అక్కా’ అని రెండుసార్లు పలికి చూసుకుని, వాడి చేతిలో ఒక కత్తెర పెట్టాడు.

కొంగ ఆకారంలో ఉందది. పొడుగాటి ముక్కే రెండు రేకులు, వాటిని కలిపే సీలే కన్ను. వేళ్లు పట్టుకునే చోట రెక్కల మీద ఈకలు గీతలుగా చెక్కి ఉన్నాయి. కొంగలేవని బాబు అడిగాడు. ఒకప్పుడు ఊరినిండా కొలనులు, మినార్ల మీద గూళ్లు ఉండేవట. జనం తాగేదీ ఆ నీళ్లే కనుక నారికురుపు వంటి రోగాలు పట్టి పీడించేవి. సోవియట్ల కాలంలో చాలావాటిని ఎండగట్టారు, పూడ్చేశారు. కప్పలు పోయాయి, కొంగలూ పోయాయి. కత్తెర కొన్నాను.

సాయంత్రం ల్యాబి హౌజ్ ఒడ్డున, ముసలి మల్బరీ చెట్ల కింద టీ తాగాం. 1620 నాటి కొలను అది. ‘హౌజ్’ మాట వినగానే పాప కళ్లు మెరిశాయి. నిజామాబాద్‌లో మా అమ్మ పెరట్లోని నీళ్ల తొట్టిని మేం ‘హౌజు’ అనే అంటాం. ఫోను చేసి చెబితే అమ్మ వెంటనే అడిగింది:

“ఎన్ని బిందెలు పడతాయే?”

బాబు మెట్లు దిగి నీళ్లలోకి తొంగి చూశాడు.

“అక్కా, ఎన్ని బిందెలు?”

పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు పెద్దమనుషులు తలతిప్పి చూశారు. వాడు మళ్లీ, ఇంకా గట్టిగా పిలిచాడు.