అమ్మ మహర్ కూడా నాన్న అప్పే

నాన్న పోయేనాటికి పల్నాడులో మాకు నాలుగెకరాల మిరప చేను, దాని మీద అప్పులు మిగిలాయి. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని నాశనం చేసినప్పుడు మొదలైన బాకీలవి. బ్యాంకులో పొలం తనఖా, మందుల కొట్టులో ఖాతా, నూటికి రెండు రూపాయల వడ్డీతో ప్రామిసరీ నోట్లు. రెండెకరాలు అమ్మాలని అందరం ఒప్పుకున్నాం. పేచీ అమ్మ మహర్ దగ్గర, అంటే పెళ్లప్పుడు భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము దగ్గర వచ్చింది.

జనాజా (పాడె) లేవకముందే పెద్దవాళ్లు అమ్మతో "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయన బరువు తీరుతుంది" అన్నారు. ఏడుస్తూ తలూపింది. చాలా ఇళ్లలో జరిగేదే ఇది. నాకు మాత్రం ఆ రోజు నుంచీ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. నిఖానామాలో (పెళ్లి ఒప్పంద పత్రంలో) పదకొండు వేల రూపాయలు, ఐదు కాసుల బంగారం అని రాసి ఉంది. అందులో ఏదీ నాన్న ఇవ్వలేదు.

వకీలు గారు వరస చెప్పారు. ముందు అంత్యక్రియల ఖర్చు, ఆపైన అప్పులు, వీలునామా ఉంటే మూడో వంతు వరకు, ఆ మిగిలిందే వారసులకు. మహర్ ఆ అప్పుల్లో ఒకటి. తనఖా ఉన్న బ్యాంకు కంటే ముందుకు రాదు గానీ నోట్ల వాళ్లతో సమానం. భర్త పోయి మూడేళ్లు దాటితే మహర్‌ను కోర్టులో అడగడం కష్టం. భర్త పోయిన దుఃఖంలో ఇచ్చిన మాఫీ మనస్ఫూర్తిగా ఇచ్చింది కాదని 1920లోనే కలకత్తా హైకోర్టు తీర్పు ఉందట. ఆ మాట విన్నాక అమ్మే "అయితే అడుగుదాం" అంది.

బంగారానికి పెళ్లినాటి ధర కడితే చాలన్నాడు పెదనాన్న. బంగారమని రాసినప్పుడు బంగారమే బాకీ అని ఖాజీ గారు చెప్పారు. వారసుల భాగాలు అప్పు తీర్చాకే అని ఖురాన్‌లోని సూరా నిసాలో ఉన్న మాట కూడా చదివి వినిపించారు. పెదనాన్న ఇంక మాట్లాడలేదు.

అసలు టెన్షన్ తమ్ముడి వల్ల. వాడు మైనర్. వాడి తరఫున అమ్మ సంతకం చాలు, రిజిస్ట్రేషన్ చేయించేస్తానన్నాడు దస్తావేజులు రాసేవాడు. మా ముస్లిం చట్టంలో తండ్రి లేని మైనర్ ఆస్తిని తల్లి తనంతట తాను అమ్మలేదు. 1890 నాటి గార్డియన్ చట్టం కింద జిల్లా కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా కొన్నవాళ్లకు రేపు తమ్ముడి వాటా నిలవదు. గార్డియన్‌గా ఉండాల్సిన అమ్మే అప్పు రావాల్సిన మనిషి కూడా కదా! అందుకే వకీలు గారు మహర్ సంగతి దాచకుండా, నిఖానామా నకలు జతచేసి పిటిషన్‌లోనే రాశారు. చాలా మంచి పని చేశారు. జడ్జి గారు నోట్లు, ఈసీ (పొలం మీద తనఖాలేమున్నాయో చూపే పత్రం), పొలం ధర అన్నీ చూసి అనుమతిచ్చారు. తమ్ముడి డబ్బు వాడికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమన్నారు.

రిజిస్ట్రేషన్ రోజే కొన్నవాళ్లు బ్యాంకు బాకీ కట్టి తనఖా విడిపించారు. తర్వాత నోట్లు, కొట్టు ఖాతా, అమ్మ మహర్. మిగిలింది ఇరవై నాలుగు భాగాలు చేస్తే అమ్మకు మూడు, తమ్ముడికి పద్నాలుగు, కూతురినైన నాకు ఏడు. అమ్మకు మహర్ ముట్టినట్టు రసీదు రాయించి, సాక్షిగా పెదనాన్న చేతే సంతకం పెట్టించాం. మిగతా రెండెకరాలకు ముగ్గురి పేర్లతో పాస్‌బుక్కు మార్పిడికి దరఖాస్తు పెట్టాం. అది ఇంకా తహసీల్దారు ఆఫీసులో ఉంది.