86 వరద, నా షుగరు

ముప్ఫై ఎనిమిదేళ్లకే నాకు షుగర్ వచ్చింది. మనిషిని సన్నమే, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. మావాళ్లంతా నేరం ఆత్రేయపురం పూతరేకుల మీదకి నెట్టేశారు. (తిన్నమాట నిజమే.) డాక్టరుగారు మాత్రం "పుట్టినప్పుడు ఎంత బరువున్నారు?" అని అడిగారు.

అమ్మనడిగితే నవ్వింది. "లంకలో తూకం ఎక్కడిదిరా? చేటలో పడుకోబెడితే సగం చేట ఖాళీ."

నేను పుట్టింది 1987 జనవరిలో. అంతకుముందు ఆగస్టులో గోదారి మా లంకను ముంచేసింది. అరటితోట పోయింది, కూరపాదులు పోయాయి, పాడిగేదె కొట్టుకుపోయింది. కాన్పు దాకా అమ్మకి పచ్చడి మెతుకులే. పైగా మా నాయనమ్మ, "ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుద్ది" అని మారు వడ్డించేది కాదట. అప్పట్లో ఊరంతా నమ్మిన మాటే అది.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో నర్సులు ప్రతి బిడ్డ పుట్టిన బరువూ, ఏడాది బరువూ పుస్తకాల్లో రాసేవారు. 1911-30 మధ్య అక్కడ పుట్టిన 5,654 మంది మగవాళ్ల సంగతి డేవిడ్ బార్కర్ అనే డాక్టరు బృందం వెతికి, 1989లో బయటపెట్టింది. తక్కువ బరువుతో పుట్టి ఏడాదికీ పుంజుకోనివాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా పోయారు. 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి రానివ్వకుండా చేసినప్పుడు హాలండులో కడుపులో ఉన్నవాళ్లకి, యాభై ఏళ్లొచ్చేసరికి రక్తంలో చక్కెర అదుపు తప్పడం కనిపించింది.

పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ రాసింది చదివితే నా ఒళ్లే వర్ణించినట్టుంది. అక్కడి పిల్లలు సుమారు 2.7 కిలోలతో పుడుతున్నారు, ఇంగ్లండు పిల్లలు 3.5. తగ్గింది ఎక్కువగా కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. తిండి చాలనప్పుడు పిండం ముందు మెదడుకి పెట్టుకుని, చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్ తయారయ్యే క్లోమం దగ్గర, కిడ్నీల దగ్గర కోత వేసుకుంటుందట. అలా తయారైన క్లోమం మీద నేను ఇరవయ్యేళ్లు మూడు పూటలా అన్నం, కుర్చీ ఉద్యోగం మోపాను.

ఇదంతా ఉత్సాహంగా అమ్మకి చెప్పడం నా బుద్ధితక్కువ.

"అయితే నేను తినకపోబట్టేనా?"

కాదమ్మా, సవాలక్ష కారణాల్లో అదొకటి, అందరికీ రావాలనీ లేదు అని సర్దాను. వత్తులు చేసుకుంటూ కాసేపు ఊరుకుంది.

"ఆ హాలండు తల్లుల్ని ఎవరు తిననివ్వలేదన్నావు?"

"యుద్ధం కదమ్మా. అక్కడ తిండే లేదు."

"నాకు గిన్నెలో అన్నం కనబడుతూనే ఉండేదిరా," అంది.