దగ్గు, దాపరికం

2023 జూన్ నెలంతా దగ్గుతూనే ఉన్నాను. సుద్దముక్కల పొడి పడటం లేదని అందరికీ చెప్పాను. అప్పట్లో కడపలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఐదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లవారుజామున చెమటకు దిండు తడిసిపోయేది. 51 కిలోలుండే నేను 43కు వచ్చేసరికి మా ఆయన ఇక ఊరుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, తెమడ పరీక్షకు పంపారు. క్షయ అని తేలింది. మందులకు లొంగే రకమేనని, ఆరు నెలలు క్రమం తప్పకుండా వాడితే నయమవుతుందని డాక్టరు గారు ఓపికగా వివరిస్తున్నారు. నా మనసు మాత్రం ఒక్కచోటే ఆగిపోయింది. పక్క వాటావాళ్లకు ఈ సంగతి తెలియకూడదు.

మందుల పొట్లం చేతికిస్తూ ఆరోగ్య కార్యకర్త అడిగింది: “ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా? దగ్గరగా మెలిగే చిన్నపిల్లలు ఉన్నారా?”

“లేరు” అన్నాను.

పక్క వాటా పాపకు మూడేళ్లు. నన్ను పెద్దమ్మా అంటుంది. రోజూ సాయంత్రం నా ఒళ్లో కూర్చుని నా కంచంలోనే పెరుగన్నం తినేది. పిల్లలు లేని నాకు ఆ గంట ఎంత విలువైనదో ప్రభువుకే తెలుసు. ఆ పాపే లేదని చెప్పి వచ్చాను.

దాచడం నాకు కొత్త కాదు. అంతకు ముందు ఇల్లు వెతుకుతున్నప్పుడు, క్రైస్తవులమని తెలియగానే ఒకాయన అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి వాక్యాల క్యాలెండరు పడకగదిలో తలుపు వెనకకు చేరింది. ఎవరైనా వస్తే పాటల శబ్దం తగ్గించేదాన్ని. ఆదివారం ఎక్కడికని అడిగితే బంధువుల ఇంటికని చెప్పేదాన్ని. మనసులో విశ్వాసం ఉంటే చాలు కదా, అందరికీ చెప్పడం ఎందుకు అని నన్ను నేను సమాధానపరచుకునేదాన్ని.

నాలుగు రకాల మందులు కలిసిన మాత్రలు, రోజుకు మూడు, పరగడుపున. మొదటి వారం కడుపులో తిప్పుతూనే ఉండేది. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం, కన్నీళ్లు ఎర్రబడతాయని ముందే చెప్పారు కాబట్టి మూత్రం రంగుకు భయపడలేదు. కన్నీళ్ల సంగతి మాత్రం నాకు గుర్తు లేదు. ఒక రాత్రి ఏడ్చి తెల్ల చేతిరుమాలుతో తుడుచుకున్నాను. పొద్దున చూస్తే దాని మీద నారింజ రంగు మరకలు. ఎవరికీ కనబడకూడదని రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాను. ఉతుకుతూ ఉతుకుతూ చేతులు ఆగిపోయాయి. చివరికి ఏడ్చిన గుర్తు కూడా దాచుకుంటున్నాను.

మా తాతయ్య గుర్తొచ్చాడు. అమ్మ చెప్పిన కథే. ఆయనకూ క్షయే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉన్నాడట. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి నూరేళ్ల కిందట కట్టిన ఆసుపత్రి అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమొట్ మోలర్ దానికి తొలి అధిపతి. మంచి గాలి, తిండి, విశ్రాంతి కోసం రోగులను ఇల్లు వదిలించి కొండగాలిలో ఉంచే కాలం. తాతయ్య అక్కడే యేసును తెలుసుకున్నాడు. క్షయ వచ్చినవాణ్ని గడప తొక్కనివ్వని రోజుల్లో ఊరికి తిరిగి వచ్చి, తనకు ఏ జబ్బు చేసిందో, ఎవరిని నమ్ముకున్నాడో రచ్చబండ దగ్గర నిలబడి చెప్పాడట. ఆ మనిషి మనవరాలిని నేను.

ఆ రోజు అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తీశాను. పేతురును, యోహానును బెదిరించి వదిలిపెట్టారు. వాళ్లు తమవారి దగ్గరికి వచ్చాక అందరూ కలిసి ప్రార్థన చేశారు. ఎన్నిసార్లు చదివానో ఆ భాగం! బెదిరింపులు ఆగిపోవాలని వాళ్లు అడగలేదన్న సంగతి అప్పుడే నా కంటపడింది. వాక్యం చెప్పడానికి ధైర్యం ఇమ్మని అడిగారు. ఎఫెసు సంఘానికి రాసిన పౌలు కూడా అంతే. సంకెళ్లలో ఉండి విడుదల కోసం కాక, ధైర్యంగా మాట్లాడేలా తన కోసం ప్రార్థించమని కోరాడు. నేను మాత్రం అన్నాళ్లూ ఒక్కటే అడిగాను: ప్రభువా, ఎవరికీ తెలియకుండా బాగుచెయ్యి. ఆ ప్రార్థన ఆ రోజుతో మానేశాను.

ధైర్యం వెంటనే వచ్చేయలేదు. రెండు రోజులు వాకిలి దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడో రోజు పక్క వాటా అమ్మాయి బట్టలు ఆరేస్తుంటే మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడి చెప్పేశాను. “నాకు క్షయ వచ్చిందమ్మా. పాపకు పరీక్ష చేయించాలి. ముందే చెప్పాల్సింది, భయపడ్డాను.”

ఆమె చేతిలోని తడి చీర అలాగే ఉండిపోయింది. కోపం వచ్చింది, రావాలి కూడా. నాలుగు రోజులు మాట్లాడలేదు. పాపను పరీక్షకు తీసుకెళ్లింది. జబ్బు లేదని తేలింది. అయినా వయసు చిన్నది కాబట్టి రాకుండా ఉండేందుకు ఆరు నెలలు మందు వాడమన్నారు. ఆ మాట చెప్పడానికి వచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది: “దాచి ఉండొచ్చు కదక్కా, ఎందుకు చెప్పావు?”

రెండో మాట అప్పుడు వచ్చింది నా నోట. “నేను యేసును నమ్ముకున్నాను. ధైర్యం ఇమ్మని ఆయన్నే అడిగాను.”

“అది తెలుసు. గోడ పక్కన పడుకుంటాను, రాత్రిపూట నీ ప్రార్థన వినిపిస్తుంది. పాప పేరు కూడా విన్నాను” అంది.

నా విశ్వాసాన్ని ఎవరి దగ్గర దాచానో వాళ్లకే అది ముందే తెలుసు!

పాఠశాలవాళ్లు మాత్రం ఇక రావద్దన్నారు. ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం చూపించినా వినలేదు. బాధ ఇంకా ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంటికి ప్రార్థనకు వచ్చిన ఒకాయన, మాత్రలు మింగడం అవిశ్వాసమని అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడి, ఇక చాలనిపిస్తుంది. అక్కడ ఆపేస్తే జబ్బు మందులకు లొంగని రకంగా మారి తిరగబడవచ్చు. ప్రార్థన చేసి మాత్ర మింగాను, మాత్ర మింగి ప్రార్థన చేశాను. రెండూ ప్రభువు చేతి నుంచే తీసుకున్నాను. మా సంఘం అయ్యగారు కూడా ఇదే అన్నారు. మొత్తం 168 రోజులు, ఒక్క రోజు తప్పలేదు. పోషణ కోసం నెలకు 500 రూపాయలు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసేది. వాటితో గుడ్లు, వేరుశనగలు కొనుక్కునేదాన్ని.

డిసెంబరులో ఆఖరి మాత్ర వేసుకున్నాను. బరువు 49. ఆ క్రిస్మస్‌కు మొదటిసారి వీధివైపు నక్షత్రం కట్టాం. పక్క వాటా అమ్మాయి ఇప్పటికీ దేవుని గడప గుడికి వెళ్తుంది, ప్రసాదం తెచ్చినప్పుడు నొచ్చుకోకుండా ఎలా కాదనాలో నాకు తెలుసు, ఎలా వినాలో ఆమెకు తెలుసు. పాపకు జ్వరం వస్తే మాత్రం “అక్కా, నీ ప్రార్థనలో పెట్టు” అంటుంది.

మొన్న ఆమే ఒక కబురు తెచ్చింది. వెనక వీధిలో కొత్త కోడలికి క్షయ అట, అత్తగారికి కూడా చెప్పకుండా మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుంటోందట. రేపు ఇద్దరం వెళ్తున్నాం. ముందు మాత్రల గురించి మాట్లాడాలి. తర్వాత, ఆ అమ్మాయి అడిగితే, మిగతాది. తలచుకుంటేనే గొంతు తడారిపోతోంది. ఈ రాత్రికి మళ్లీ అదే ప్రార్థన.